తెలుగు మీడియం ప్రశ్నపత్రంలో లెక్కల సమీకరణాలు ఎలా టైపు చేస్తున్నారు?

వంశధార (గుణుపురం)
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గుణుపురం దగ్గర ఒక బడిలో తొమ్మిది, పది తరగతులకు తెలుగు మీడియంలో లెక్కలు చెప్తాను. పోయిన వారం జరిగిన సంగతి ఇంకా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

యూనిట్ టెస్టు పేపర్ చేత్తో రాసి, ఊళ్లో ఒక షాపులో టైపు చేయించాను. అచ్చు తీసుకున్నాక తెలుగంతా చదువుకున్నాను, అక్షర దోషాలు రెండు దిద్దించాను. అంకెల మీద చూపు పెట్టలేదు. 2³ × 2⁵ విలువ ఎంత అని నేను రాసింది 23 × 25 అని పడింది. పైన ఉండాల్సిన 3, 5 కిందికి దిగిపోయాయి. పిల్లలు బుద్ధిగా గుణించి 575 అని రాశారు. అది కూడా సరైన గుణకారమే! రావాల్సిన జవాబు 256. ఒక అమ్మాయి మాత్రం పరీక్ష అయ్యాక వచ్చి, "టీచర్, ఘాతాంకాల పాఠం అన్నారు కదా, మామూలు గుణకారం ఇచ్చారేంటి?" అని అడిగింది. ఆ పిల్లకి ఏం చెప్పాలో తోచలేదు. అందరికీ ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు వేసేశాను, కానీ వాళ్లు నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు కదా.

ఇకమీదట నా పేపర్ నేనే టైపు చేసుకోవాలని గట్టిగా అనుకున్నాను. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, అందులో వర్డ్ 2010. తెలుగు యూనికోడ్‌లో టైపు చేయడం వచ్చు. భిన్నాలు, వర్గమూలాలు, ఘాతాలు మాత్రం రావు. ఇన్నాళ్లూ కాగితం మీద రాసి, ఫోన్‌తో ఫొటో తీసి, ఆ బొమ్మని పేజీలో అతికించేదాన్ని. అది ఒకచోట పెద్దగా, ఒకచోట చిన్నగా, వంకరగా పడుతుంది. ఒక్కోసారి అదే పేపర్ ఒడియా మీడియం సెక్షన్‌కి కూడా ఇవ్వాలి. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మా వల్ల కాదు. మీరేం వాడుతున్నారో కాస్త వివరంగా చెప్పండి.

---

అచ్చుబండి (బరంపురం)
శనివారం, రాత్రి 10:02

అమ్మా, నమస్తే. బరంపురంలో 22 ఏళ్లుగా డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకి పేజీలు కూర్చే పని) చేస్తున్నాను. మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. ఆ షాపు ఎవరిదో నాకు తెలియదు కానీ ఈ తప్పు ఎలా పుడుతుందో మాత్రం బాగా తెలుసు. ముందు అది చెప్తాను, ఎందుకంటే మళ్లీ ఎవరి దగ్గరకి వెళ్లినా ఎక్కడ చూసుకోవాలో మీకు తెలియాలి.

మా వృత్తిలో ఇప్పటికీ చాలామంది తెలుగుని ‘అను’ అనే పాతతరం ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో చేస్తారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అది యూనికోడ్‌కి ముందుతరం సరుకు. అను ఫాంట్‌లో కంటికి కనిపించేది తెలుగే కానీ, ఫైల్ లోపల దాచి ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. మీరు యూనికోడ్‌లో పంపితే షాపువాళ్లు కన్వర్టర్‌తో దాన్ని అనులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో అక్షరాలు మాత్రమే దాటతాయి. బోల్డు, ఇటాలిక్, సూపర్‌స్క్రిప్ట్ (అంకెని పైకెక్కించి చిన్నది చేయడం) అన్నవి అక్షరాలు కావు, అక్షరం మీద వేసిన అలంకారం. కన్వర్టర్ ఆ అలంకారాన్ని వదిలేస్తుంది. అప్పుడు రెండు పైన మూడు కాస్తా ఇరవై మూడు అవుతుంది. చేత్తో రాసిచ్చినా, టైపు చేసేవాళ్లు ముందు గబగబా కొట్టేసి, సూపర్‌స్క్రిప్ట్ తర్వాత పెడదాం అనుకుని మరిచిపోతారు.

అప్పట్లో మేం లెక్కల పుస్తకం ఒప్పుకుంటే, సమీకరణాలన్నీ మ్యాథ్‌టైప్ అనే సమీకరణాల ప్రోగ్రామ్‌లో విడిగా చేసి, ఒక్కోదాన్ని ఈపీఎస్ బొమ్మగా దాచి, పేజ్‌మేకర్‌లో ఒక్కో చోట కూర్చేవాళ్లం. ఒక చిన్న గైడుకి కూడా వందల బొమ్మలు. రచయిత ఒక్క ప్లస్ మార్చమంటే బొమ్మ మళ్లీ చేయాలి, మళ్లీ పెట్టాలి, లైను మళ్లీ సర్దాలి. అందుకే లెక్కల పని అంటే రేటు ఎక్కువ చెప్పేవాళ్లం.

మీరు సొంతంగా చేసుకోవడమే మంచిది. మీ వర్డ్ 2010లోనే మీకు కావాల్సింది ఉంది. ఎలాగో వాడేవాళ్లు చెప్తారు.

---

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
శనివారం, రాత్రి 11:25

టీచర్ గారూ, నేను డిగ్రీ పిల్లలకి గణితం చెప్తాను. నా సలహా ఒక్కటే: లెక్కల్ని అచ్చుకి కూర్చే లేటెక్ అనే ప్రోగ్రామ్ నేర్చుకోండి. కష్టం అనిపిస్తుంది, కానీ జీవితాంతం పనికొస్తుంది.

దీని కథ మీకు నచ్చుతుంది. డొనాల్డ్ నూత్ అనే ఆచార్యుడు 1977లో తన గ్రంథం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసుకున్నాడు. సీసపు అక్షరాలతో అచ్చేసిన పాత కూర్పులో ఉన్న అందం, ఫొటో పద్ధతిలో కూర్చిన కొత్త ప్రూఫుల్లో లేదు. మీకు ఆ 23 చూసి కలిగిన బాధ లాంటిదే ఆయనకీ కలిగి ఉంటుంది. చేస్తున్న పని ఆపి, గణితాన్ని అచ్చు వేయడానికి సొంతంగా టెక్ అనే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. 1978లో మొదటి రూపం వచ్చింది. దాన్ని ఉచితంగా లోకానికి ఇచ్చేశాడు. దాని వెర్షన్ సంఖ్య ప్రతిసారీ పై (π) విలువకి ఒక్కో అంకె దగ్గరవుతుంది, ఇప్పుడున్నది 3.141592653. దాని మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టినదే లేటెక్. ప్రపంచంలో గణిత పత్రికలన్నీ దాదాపు ఇందులోనే తయారవుతాయి.

ఇందులో మీరు బొమ్మ గీయరు, చెప్తారు. బ్యాక్‌స్లాష్ కొట్టి ‘ఫ్రాక్’ అని రాసి, మీసాల బ్రాకెట్లలో లవం, మరో జతలో హారం ఇస్తే భిన్నం అదే కట్టుకుంటుంది. గీత ఎంత పొడవు, అంకె ఎంత ఎత్తు అన్నది దాని బాధ్యత.

తెలుగు కూడా బాగా వస్తుంది. మామూలు పీడీఎఫ్‌లేటెక్‌తో కాదు, జీలేటెక్‌తో. దానికి ఆధారమైన, జొనాథన్ క్యూ 2004లో తెచ్చిన జీటెక్ యూనికోడ్‌ని, ఓపెన్‌టైప్ ఫాంట్లని నేరుగా తీసుకుంటుంది. ఓవర్‌లీఫ్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, మెనూలో కంపైలర్‌ని జీలేటెక్ అని మారిస్తే మీ కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించక్కర్లేదు. లువాలేటెక్ అనే ఇంకో రకం వాడితే మాత్రం ఫాంట్ దగ్గర రెండరర్‌ని (అక్షరాల్ని కూర్చే భాగాన్ని) హార్ఫ్‌బజ్ అని చెప్పాలి. లేదంటే ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన పడతాయి.

నేను నా పత్రాలకు గిడుగు అనే ఫాంట్ వాడతాను. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడి బడిలోనే పాఠాలు చెప్పారు, ఇక్కడే ఉండి సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. పిల్లలకి అర్థమయ్యే భాషలోనే పాఠం ఉండాలని పోరాడిన మనిషి పేరున్న ఫాంట్‌లో లెక్కల పేపర్ కూర్చుతుంటే నాకు చెప్పలేని తృప్తి.

---

వంశధార (గుణుపురం)
ఆదివారం, ఉదయం 7:15

అచ్చుబండి గారూ, మహేంద్రగిరి గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. తప్పు ఎక్కడ పుడుతుందో ఇప్పుడు తెలిసింది.

మాస్టారూ, మీరు చెప్పినది చదువుతుంటే నేర్చుకోవాలనిపిస్తోంది. కానీ మా ఊళ్లో నెట్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు రోజంతా ఉండదు. ఇంకో సంగతి. నేను చేసిన పేపర్‌ని మా బడిలో మిగతా ఇద్దరు టీచర్లు కూడా మార్చుకోవాలి. వాళ్లకి వర్డ్ ఒక్కటే తెలుసు. నేను బదిలీ అయి వెళ్లిపోతే ఆ ఫైల్ ఎవరికీ పనికిరాకుండా పోకూడదు. వర్డ్‌లో దారి ఏదైనా ఉంటే చెప్పండి.

---

ప్రాణహిత (సిరొంచ)
ఆదివారం, ఉదయం 10:40

అక్కా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడ మరాఠీ మీడియంలో చదివే తెలుగు పిల్లలకి ట్యూషన్ చెప్తాను. నా దగ్గరా పాత వర్డే ఉంది. పదేళ్లుగా అందులోనే చేస్తున్నాను. మీకు పనికొచ్చేలా మొదటి నుంచి చెప్తాను.

ముందు ఒక జాగ్రత్త. సమీకరణం టైపు చేసేముందు కీబోర్డుని తెలుగు నుంచి ఇంగ్లీషుకి మార్చుకోండి. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే మారుతుంది, కొత్త విండోస్‌లో అయితే విండోస్ మీట, స్పేస్ కలిపి. తెలుగు కీబోర్డు మీద ఉండి కొడితే కింద చెప్పేవేవీ పని చేయవు. నేను మొదట్లో రెండు రోజులు ఇక్కడే ఆగిపోయాను.

ఇప్పుడు ఆల్ట్ మీట పట్టుకుని ఈక్వల్ టు గుర్తు నొక్కండి. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో 2 కొట్టి, షిఫ్ట్‌తో 6 నొక్కితే వచ్చే టోపీ గుర్తు పెట్టి, 3 కొట్టి, స్పేస్ నొక్కండి. మూడు దానంతట అదే పైకెక్కి కూర్చుంటుంది. మైనస్ 3 ఘాతం కావాలంటే టోపీ తర్వాత బ్రాకెట్లో మైనస్ 3 పెట్టండి. స్పేస్ కొట్టగానే బ్రాకెట్లు మాయమై ఘాతం మాత్రం మిగులుతుంది.

భిన్నానికి మెనూ అక్కర్లేదు. 3, అడ్డగీత, 4, స్పేస్. అంతే, మూడు బై నాలుగు నిలువుగా నిలబడుతుంది. లవంలో రెండు పదాలుంటే వాటిని బ్రాకెట్లో పెట్టండి. వర్గమూలానికి బ్యాక్‌స్లాష్ కొట్టి ఎస్, క్యూ, ఆర్, టి అని చిన్న అక్షరాల్లో రాసి స్పేస్, ఆ తర్వాత బ్రాకెట్లో లోపలి సంఖ్య, మళ్లీ స్పేస్. పై (π) గుర్తు కావాలంటే బ్యాక్‌స్లాష్ పి, ఐ. తీటా, ఆల్ఫా, బీటా కూడా వాటి ఇంగ్లీషు పేరు రాస్తే వస్తాయి. గుణకారం గుర్తుకి బ్యాక్‌స్లాష్ పెట్టి టైమ్స్ అని రాయాలి. దయచేసి ఎక్స్ అక్షరాన్ని గుణకారం గుర్తుగా వాడకండి. బీజగణితంలో పిల్లలు అది చలరాశి అనుకుంటారు.

వర్గ సమీకరణం మూలాల సూత్రం నేను ఒక్కసారే కొట్టాను. ఆ పెట్టె చివర ఉన్న బాణం గుర్తు మీద నొక్కి కొత్త ఈక్వేషన్‌గా దాచుకున్నాను. ఇప్పుడు ఇన్సర్ట్‌లో ఈక్వేషన్ కింద నా సూత్రాలన్నీ వరసగా కనిపిస్తాయి.

మాత్రికలు కూడా వస్తాయి కానీ పదో తరగతికి మీకవి అంతగా పడవు, అవసరమైతే అడగండి.

---

వంశధార (గుణుపురం)
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడే కూర్చుని ప్రయత్నించాను. కొత్త పేజీలో 2 ఘాతం 3 వచ్చింది! తమ్ముడూ, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ నా పాత ప్రశ్నపత్రం తెరిచి అందులో పెట్టబోతే ఈక్వేషన్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలడం లేదు. ఆల్ట్, ఈక్వల్ టు కూడా పని చేయలేదు. ఎందుకు?

---

రుషికుల్య (బరంపురం)
ఆదివారం, మధ్యాహ్నం 1:52

టీచర్, మీ పాత ఫైల్ పేరు చివర డాట్ డాక్ అని ఉండి ఉంటుంది, డాట్ డాక్స్ కాదు. పైన పేరు పక్కన కంపాటిబిలిటీ మోడ్ అని కనిపిస్తోందా? ఇప్పుడున్న ఈక్వేషన్ పద్ధతి వర్డ్ 2007తో వచ్చింది. పాత ఫార్మాట్‌కి అది తెలియదు. ఫైల్ మెనూలో ఇన్ఫోలోకి వెళ్లి కన్వర్ట్ నొక్కండి. మళ్లీ దాచేటప్పుడు ఎవరైనా పాత ఫార్మాట్‌లో కావాలన్నా ఇవ్వకండి. అలా దాచితే సమీకరణాలన్నీ బొమ్మలైపోతాయి, మళ్లీ దిద్దలేరు.

నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. నోట్స్ ఎక్కువగా ఫోన్‌లో గూగుల్ డాక్స్‌లో చూసుకుంటాను. కంప్యూటర్‌లో తెరిస్తే అందులోనూ ఇన్సర్ట్ కింద ఈక్వేషన్ ఉంది, బ్యాక్‌స్లాష్ పేర్లు అక్కడా పని చేస్తాయి. కానీ గుర్తులు తక్కువ, మాత్రికలు లేవు. బడి పేపర్‌కి వర్డే మేలు.

---

వంశధార (గుణుపురం)
ఆదివారం, మధ్యాహ్నం 2:20

కన్వర్ట్ చేశాను, బటన్ తెరుచుకుంది. సాయంత్రానికి పేపర్ మొత్తం మళ్లీ చేస్తాను.

---

వంశధార (గుణుపురం)
ఆదివారం, రాత్రి 8:45

పేపర్ అయింది. కానీ మూడు చిక్కులు మిగిలాయి. వాక్యం మధ్యలో పెట్టిన భిన్నాలు చీమ తలకాయంత ఉన్నాయి, పిల్లలకి కనపడవు. కొన్ని భిన్నాల్లో పై అంకె సగం కోసుకుపోయింది. ఒకచోట ‘త్రిభుజ వైశాల్యం = ’ అని సమీకరణం పెట్టెలోనే తెలుగులో రాస్తే ఒత్తులు చెదిరిపోయాయి.

---

అచ్చుబండి (బరంపురం)
ఆదివారం, రాత్రి 9:30

మూడింటికీ జవాబు చెప్తాను తల్లీ.

పై అంకె కోసుకుపోవడానికి కారణం లైన్ స్పేసింగ్. మీరు పేజీలు తగ్గించడానికి పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టి ఉంటారు. దాన్ని సింగిల్ చేయండి, లేదా ‘ఎట్ లీస్ట్’ అని పెట్టండి. ఎగ్జాక్ట్‌లీ అంటే లైను ఎత్తు అక్కడితో గోడ కట్టినట్టు. భిన్నం పైకి పెరగాలి, తెలుగు ఒత్తు కిందికి దిగాలి. రెండింటికీ చోటు కావాలి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో కింది ఒత్తు తెగడం మీరు ఏనాడో చూసే ఉంటారు, అదీ దీనివల్లే. ఇంగ్లీషు లైనుకి కుదిరిన కొలత తెలుగుకి చాలదు, లెక్కలకి అసలే చాలదు. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి నేను మొదటి రోజు చెప్పేది ఇదే.

చిన్న భిన్నాలు: వాక్యంలో కలిసి ఉన్న సమీకరణాన్ని వర్డ్ కావాలనే కుదిస్తుంది, లైను చెదరకుండా. దాన్ని ఎంటర్ కొట్టి విడి లైనులో పెట్టండి, పూర్తి సైజుకి వస్తుంది. చిన్న తరగతుల పేపర్‌లో లెక్క ఎప్పుడూ విడి లైనులోనే ఉండాలి.

తెలుగు మాటల్ని సమీకరణం పెట్టెలో పెట్టకండి. ఆ పెట్టెకి కాంబ్రియా మ్యాథ్ అనే ఫాంట్ ఉంటుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. ‘త్రిభుజ వైశాల్యం’ అని బయట రాసి, ఈక్వల్ టు నుంచి పెట్టె మొదలుపెట్టండి. అలాగే కాంబ్రియా మ్యాథ్‌ని మామూలు వాక్యాలకి పెట్టకండి, లైన్ల మధ్య జానెడు ఖాళీ వస్తుంది.

ఒడియా పేపర్ సంగతి అడిగారు. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మల ఫాంట్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. అంతకుముందు తెలుగుకి గౌతమి, ఒడియాకి కళింగ అని విడివిడిగా ఉండేవి. ఒకే ఫైల్‌లో రెండు లిపులూ ఒకే కుదురుగా కావాలంటే నిర్మల పెట్టుకోండి. సమీకరణాలు ముట్టుకోనక్కర్లేదు, వాక్యాలు మాత్రం మార్చుకుంటే చాలు.

---

ప్రాణహిత (సిరొంచ)
ఆదివారం, రాత్రి 9:55

అన్నగారు చెప్పినదానికి ఒక చిన్న మాట కలుపుతాను. రుణ సంఖ్యల్ని కూడా పెట్టె లోపలే రాయండి అక్కా. బయట మామూలు హైఫన్ పెట్టి 5 రాస్తే, లైను చివర పడ్డప్పుడు గీత పై లైనులో, 5 కింది లైనులో విడిపోతాయి. మా పిల్లాడొకడు మైనస్ 5ని 5 అనుకుని లెక్క మొత్తం తప్పు చేశాడు. పెట్టెలో కొడితే ఆ గీత నిజమైన మైనస్ గుర్తుగా, సరైన పొడవుతో మారుతుంది.

---

నాగావళి (రాయగడ)
సోమవారం, ఉదయం 6:50

ఈ చర్చ మొత్తం చదివాను. నా వైపు నుంచి ఒక విషయం చెప్పాలి.

మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. పది చదువుతున్నాడు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) వాడతాడు, అది ఉచితం. తెలుగు వాక్యాలని ఈస్పీక్ గొంతుతో చదివేస్తుంది. లెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇన్నాళ్లూ చీకటే. వాడికి వచ్చే ఫైళ్లలో సమీకరణాలన్నీ ఫొటోలే. అక్కడికి రాగానే ఎన్‌వీడీఏ ‘గ్రాఫిక్’ అని ఒక్క మాట చెప్పి ముందుకు పోతుంది. వాడు నన్ను పిలుస్తాడు. నేను ఇంట్లో ఉంటే చదివి చెప్తాను. లేకపోతే నేను వచ్చేదాకా ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది.

పోయిన సంవత్సరం ఒకాయన కొత్త వర్డ్‌లో నిజమైన సమీకరణాలుగా చేసిన ఫైల్ ఇచ్చారు. మ్యాథ్‌క్యాట్ అనే ఉచిత యాడ్ఆన్ ఎక్కించాం. దాంతో వాడు మొదటిసారి ఒక భిన్నాన్ని తనంతట తాను విన్నాడు. ఎక్కడ మొదలైంది, లవం ఏది, హారం ఏది, ఎక్కడ ముగిసింది, అన్నీ చెప్తుంది. బాణం మీటలతో సమీకరణం లోపలికి దిగి ఒక్కో ముక్కా విడిగా వినొచ్చు. బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లకి నెమెత్ అనే లెక్కల బ్రెయిలీలో కూడా ఇస్తుంది. చదివేది ఇంగ్లీషులో, అయినా వాడు అలవాటు పడిపోయాడు. ఆ రోజు రాత్రి పదకొండు దాకా కూర్చుని ఇరవై లెక్కలు చేశాడు.

టీచర్ గారూ, మీరు ఫొటోలు మానేసి ఇలా చేయడం మా తమ్ముడి లాంటి పిల్లలకి ఎంత ఉపకారమో మీకు తెలియాలనే ఇది రాశాను. ఎవరైనా తప్పనిసరై బొమ్మ పెడితే, కనీసం ఆ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ఆల్ట్ టెక్స్ట్‌లో సమీకరణాన్ని మాటల్లో రాయండి.

---

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
సోమవారం, ఉదయం 8:30

నాగావళి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను లేటెక్‌లో ఎంతో ముచ్చటపడి కూర్చి, పీడీఎఫ్ చేసి పంచుతాను. ఆ పీడీఎఫ్‌లో సమీకరణం కంటికి అందంగా ఉంటుంది కానీ, మామూలుగా చేసిన పీడీఎఫ్‌ని స్క్రీన్ రీడర్ చదివితే అక్షరాలూ అంకెలూ గుట్టగా వినిపిస్తాయి, భిన్నం భిన్నంగా ఉండదు. ఇన్నేళ్లలో ఈ సంగతి నేను పట్టించుకోలేదు. ఇది నా లోపమే.

ఇకనుంచి ఇలా చేస్తాను. పాన్‌డాక్ అని ఒక ఉచిత సాధనం ఉంది. లేటెక్ ఫైల్‌ని అది డాక్స్‌గా మారుస్తుంది, సమీకరణాలు బొమ్మలుగా కాకుండా వర్డ్ సమీకరణాలుగానే వస్తాయి. వెబ్ పేజీగా కూడా ఇవ్వొచ్చు. వెబ్‌లో గణితం కోసం మ్యాథ్‌ఎంఎల్ అనే ప్రమాణం 1998లోనే వచ్చింది. ఫైర్‌ఫాక్స్ చాన్నాళ్లుగా దాన్ని చూపిస్తోంది, క్రోమ్‌లో 2023 జనవరిలో 109వ వెర్షన్‌తో మళ్లీ వచ్చింది. నా పాత నోట్స్ ఈ దసరా సెలవుల్లో మార్చి ఇక్కడ పెడతాను. ముందు మీ తమ్ముడికి ఏ పాఠం కావాలో అడిగి చెప్పండి, దాంతో మొదలుపెడతాను.

టీచర్ గారికి వర్డే సరైనది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పై చదువులకి వెళ్లే పిల్లలు మాత్రం లేటెక్ నేర్చుకోవాలని ఇప్పటికీ అంటాను. అందులోని రాత పద్ధతి కొత్త వర్డ్‌లోనూ పని చేస్తుంది, ఈక్వేషన్ మెనూలో లేటెక్ అని ఎంచుకోవాలి. కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు.

---

రుషికుల్య (బరంపురం)
సోమవారం, ఉదయం 9:05

ఒక సందేహం. మా సీనియర్ ఒకాయన 2012 నాటి నోట్స్ వర్డ్‌లో ఇచ్చారు. సమీకరణాలు కనిపిస్తున్నాయి కానీ రెండుసార్లు క్లిక్ చేస్తే తెరుచుకోవడం లేదు. అవి కూడా బొమ్మలేనా? ఆరు వందల పైనే ఉన్నాయి, మళ్లీ కొట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

---

అచ్చుబండి (బరంపురం)
సోమవారం, మధ్యాహ్నం 12:15

కాదు బాబూ, అవి ఈక్వేషన్ ఎడిటర్ 3.0తో చేసినవి. మ్యాథ్‌టైప్ తయారుచేసిన డిజైన్ సైన్స్ కంపెనీయే దాన్ని మైక్రోసాఫ్ట్‌కి ఇచ్చింది. 2017 చివర్లో దానిలో పెద్ద భద్రతా లోపం బయటపడింది. 2018 జనవరి అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆఫీస్ నుంచి తీసేసింది. అందుకే చూపు ఉంది, దిద్దే దారి లేదు.

మళ్లీ కొట్టకు. కొత్త మైక్రోసాఫ్ట్ 365లో అయితే రెండుసార్లు నొక్కగానే కొత్త పద్ధతిలోకి మార్చమంటావా అని అడుగుతుంది. అది లేకపోతే వర్డ్ లాంటి పనే చేసే లిబ్రాఆఫీస్ ఎక్కించుకో, అది ఉచితం. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్ సేవ్, అందులో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ దగ్గర మ్యాథ్‌టైప్ అని ఉన్న లైనుకి టిక్కు పెట్టి ఫైల్ తెరువు. సమీకరణాలు దిద్దడానికి వీలుగా తెరుచుకుంటాయి. అసలు ఫైల్‌కి నకలు తీసి, ఆ నకలు మీదే చెయ్యి.

లిబ్రాఆఫీస్‌లో కొత్తగా రాసేటప్పుడు పద్ధతి వేరు. భిన్నానికి లవం, హారం మధ్య ‘ఓవర్’ అని ఇంగ్లీషు మాట రాయాలి. మనం నోటితో చెప్పినట్టే ఉంటుంది కాబట్టి అలవాటైతే హాయి.

---

వంశధార (గుణుపురం)
మంగళవారం, రాత్రి 9:20

మళ్లీ అచ్చు వేసి ఈరోజు పరీక్ష పెట్టాను. ఈసారి 2³ × 2⁵ సరిగ్గా పడింది. ముప్పై నాలుగు మందిలో ఇరవై ఆరు మంది 256 రాశారు. నన్ను అడిగిన అమ్మాయి ఘాతాల్ని కూడి 2⁸ అని ఒక లైను, దాని కింద 256 అని ఇంకో లైను రాసింది. మిగిలిన ఎనిమిది మందికి ఎక్కడ అర్థం కాలేదో ఇప్పుడు నాకు తెలుస్తుంది. పోయినసారి ఆ సంగతి కూడా తెలిసే వీలు లేకపోయింది.

ఫోన్లలో పంపడానికి పీడీఎఫ్, దిద్దుకోవడానికి డాక్స్, రెండూ ఇక్కడ పెడుతున్నాను. ఇరవై ప్రశ్నలు. మా బడి టీచర్లిద్దరూ ఆల్ట్, ఈక్వల్ టు నేర్చుకున్నారు. ఒడియా సెక్షన్ మాస్టారు రేపు తన వాక్యాలు మార్చుకుంటానన్నారు. నాగావళి గారూ, డాక్స్ ఫైల్ మీ తమ్ముడికి ఇవ్వండి.

---

నాగావళి (రాయగడ)
బుధవారం, ఉదయం 7:05

నిన్న రాత్రే ఇచ్చాను. ఇరవై ప్రశ్నలూ ఎవరి సాయం లేకుండా విన్నాడు. మీకు ఒక మాట చెప్పమన్నాడు: పదమూడో ప్రశ్నలో బ్రాకెట్ తెరిచారు, మూయలేదట. నేను కళ్లతో చూసినా కనిపెట్టలేదు, వాడు చెప్పాక వెతికితే నిజమే.

---

వంశధార (గుణుపురం)
బుధవారం, ఉదయం 7:40

నిజమే! మేం ముగ్గురం చూశాం, ముగ్గురికీ కనపడలేదు. బడికి బయలుదేరే ముందే దిద్దేశాను, కొత్త ఫైల్ పైన పెట్టాను. పాతది తీసేశాను. మీ తమ్ముడికి నా కృతజ్ఞతలు చెప్పండి. తర్వాతి పేపర్ అచ్చుకి వెళ్లే ముందు ఒకసారి వినమని అడుగుతాను, వాడికి ఇష్టమైతే.

---

నాగావళి (రాయగడ)
బుధవారం, ఉదయం 7:52

పక్కనే ఉన్నాడు టీచర్ గారూ. ఎప్పుడు పంపుతారని అడుగుతున్నాడు.